బిగ్గఱగా పలుకుట, చక్కగా వినుట
మన యింటి యంత్రములు: వైఫై బలమును సవరించుట



క్రిందటి మాసమున ఈ శీర్షికయందు ఇన్వర్టరు బ్యాటరీని గూర్చి వ్రాసితిని. అది చదివిన సోదరీమణులు కొందఱు, "మా యింట వైఫై పెట్టెలు మూడు కలవు, అయినను వంటింటిలో నిలిచి మాటలాడినచో మాట తెగిపోవుచున్నది. నాలుగవది కొనవలెనా?" అని యడిగిరి. కొనవలదనియే నా యుత్తరము. ఏల వలదో చెప్పుటకు ముందు మా యింట జరిగిన సంగతిని దాచక చెప్పెదను. ఒకరి పొరపాటు పదిమందికి పాఠమైన నది వ్యర్థము కాదు గదా.

మాది మంచిర్యాల జిల్లాలోని కాసిపేట. కాజీపేట కాదు. ఆ జంక్షనుతో మా యూరిపేరును తడబడువారు ఇప్పటికిని కలరు. మాకు చుట్టును బొగ్గుగనులు, ఒకప్రక్క దేవాపూరు సిమెంటు కర్మాగారము, వెనుక నడవి. మా యిల్లు వెడల్పు తక్కువ, పొడవెక్కువ. ముందుభాగము మా మామగారు రాతిగోడలతో కట్టించినది. వెనుకభాగము మావారు తరువాత వేయించిన స్లాబు. ఆ వెనుక గదులలోనికి సెల్‌ఫోను టవరు సంకేతము సరిగా చొరదు. అందువలన వైఫై మీదుగా ఫోను మాటలాడు సదుపాయమునే మేము నమ్ముకొని యున్నాము.

గడచిన వేసవిలో పిల్లల చదువుకొఱకును, మావారి బడిపనికొఱకును మెష్ వైఫై కొంటిమి. ముందుసావడిలో నొక పెట్టె, నడిమిగదిలో నొకటి, వంటింటి గోడకు నొకటి. అమర్చుటకు వచ్చిన కుఱ్ఱవాడు "బలము ఎంత ఉంచమంటరమ్మా? తక్కువ, నడుమ, ఎక్కువ అని మూడున్నయి" అని యడిగెను. "ఎక్కువే ఉంచు నాయనా" అని చెప్పినదానను నేనే. డబ్బిచ్చి కొనిన వస్తువును తక్కువగా వాడుకొననేల యని నా తలంపు. దీపమునకు నూనె వలె దీనికి బలము ఎంత యున్న నంత మేలని యెంచితిని.

మా మఱది గనిలో పని చేయును. ఆయన భార్యకు, అనగా మా తోడికోడలికి, శ్రావణమాసమునాటికి నెలలు నిండెను. గనిలోనికి సాధారణపు ఫోనులు కొనిపోరాదు. పైననే యుంచి దిగవలెను. కావున రెండవ షిఫ్టు ముగిసి పైకి వచ్చినంతనే ఆయన ఫోను చేసి యొక్కమాట చెప్పుట, ఆమె యా మాట విని కూర వెచ్చబెట్టుట, మా యింట నిత్యకృత్యము.

ఆ రాత్రి వాన కురియుచుండెను. ఆయన పైకి వచ్చుసరికి గంట యాలస్యమయ్యెను. ఫోను మ్రోగినంతనే ఆమె వంటింటిలో నిలిచి పలికెను. ఆయన మాట ఆమెకు చక్కగా వినబడెను. ఆమె మాట ఆయనకు వినబడలేదు. "నేను బాగనే ఉన్న, మీరు నిదానంగ రండ్రి" అని ఆమె మూడుమార్లు అఱచెను. అవతల ఆయనకు తునుకలు తునుకలుగా నేదియో శబ్దము తోచి, అదియును తెగిపోయెను. నెలలు నిండిన భార్య ఫోను ఎత్తియు మాటలాడకున్నచో మగవాడేమి తలచును? ఆ చీకటిలో, ఆ వానలో, మోటారుసైకిలుపై తొందరపడి వచ్చుచు, బురదలో చక్రము జాఱి పడెను. ప్రాణమునకు ముప్పు రాలేదు కాని కుడి మణికట్టు విఱిగెను. భాద్రపదమున ఆడపిల్ల పుట్టినప్పుడు ఆయన తొలిబిడ్డను రెండుచేతుల నెత్తుకొనలేకపోయెను. ఎడమచేతిమీద మేము పడుకొనబెట్టగా చూచుకొని సంతోషించెను.

ఆ పెట్టెలను చేసినవారి దోషము కాదు, అమర్చినవాని దోషము కాదు. "ఎక్కువే ఉంచు" అన్నమాట నాది.

మఱునాడు ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట మావారు, "నిన్నటి మాట ఎక్కడ తెగినదో ముందు తెలిసికొందము" అనిరి. ఆయన బడిలో భౌతికశాస్త్రము చెప్పుదురు. నేను తోడికోడలి ఫోను చేతబట్టి, లెక్కల పుస్తకమొకటి తీసికొని, గదిగదికి తిరిగి అంకెలు వ్రాసితిని. అప్పుడు బయటపడిన సంగతి విని మీరును ఆశ్చర్యపడుదురు. వంటింటిలో నిలిచిన ఫోను, చేతికందు దూరమున గోడకున్న పెట్టెను విడిచి, ముందుసావడిలోని పెట్టెనే ఉడుముపట్టు పట్టి యుండెను!

ఏల యనగా వినుడు. మెష్ పద్ధతిలో పెట్టెలెన్ని యున్నను పేరొక్కటే. మనము నడచుచుండగా ఫోను ఒకదానిని విడిచి మఱియొకదానిని పట్టవలెను. అయితే విడుచుట, పట్టుట యను నిర్ణయము ముఖ్యముగా ఫోనుదే కాని పెట్టెది కాదు. పెట్టె సలహా చెప్పగలదు, అంతే. తనకు వినబడు సంకేతము మిక్కిలి క్షీణించువఱకు చాల ఫోనులు క్రొత్తదానిని వెదకనే వెదకవు. పుట్టినింటి కబురు వినబడుచున్నంత కాలము అత్తవారింట మనసు నిలువని క్రొత్తకోడలి చందము!

ఈ క్షీణతను డీబీఎం అను మానముతో కొలుతురు. అంకెకు ముందు మైనస్ గుఱుతుండును. సున్నకు దగ్గఱైనకొలది బలమెక్కువ. మైనస్ 50 ఉత్తమము. మాటలాడుటకు మైనస్ 67 వఱకు ఫరవాలేదు. మైనస్ 80 చేరినచో దానిని నమ్మరాదు. పెక్కు ఫోనులు మైనస్ 70 ప్రాంతమునకు దిగజాఱిన పిమ్మటనే మఱియొక పెట్టెను వెదకసాగును. మా వంటింటిలో ముందుసావడి పెట్టె సంకేతము మైనస్ 68 గా నుండెను. ఫోను తన మట్టుకు తాను తృప్తిపడి యుండెను. సాయంకాలము అత్తగారితో కూడ సావడిలో కూర్చుండి టీవీ చూచినప్పుడు పట్టిన పెట్టెను అది రాత్రివఱకు విడువనేలేదు.

మఱి ఆయన మాట ఆమెకు వినబడి, ఆమె మాట ఆయనకు ఏల వినబడలేదు? ఇదియే ఈ వ్యాసమునకు ప్రాణము. సంభాషణ మనగా రెండు దిక్కుల పని. పెట్టెకు గోడనుండి విద్యుత్తు వచ్చును. అది 100 మిల్లీవాట్లతో పలుకగలదు. చేతిలోని ఫోను చిన్న బ్యాటరీతో బ్రదుకునది. సాధారణముగా దానిలో నాలుగవ వంతో, అంతకు తక్కువయో మాత్రమే పలుకును. నడుమ గోడలు మ్రింగునది ఇరువైపుల సమానమే. కావున పెట్టె మాట ఫోనుకు మైనస్ 68 గా చేరినప్పుడు, ఫోను మాట పెట్టెకు మైనస్ 74 గానో, అంతకంటె హీనముగానో చేరును. పెట్టె బలమును హెచ్చించుటచే దాని నోరు పెద్దదగునే కాని చెవి పెద్దది కాదు.

పోతనగారి భాగవతమున గజేంద్రుని మొఱ వైకుంఠమునకు వినబడినది. అది అఱపు గొప్పతనము కాదు, విన్నవాని గొప్పతనము. మా సావడిపెట్టెకు గొంతున్నది, ఆ వినికిడి లేదు.

బలమధికమైన వచ్చు చిక్కు మఱియొకటి కలదు. ఈ యంత్రములకు మనకంటె మంచి మర్యాద యొకటి యున్నది: తాము పలుకుటకు ముందు ఇతరులెవ్వరైన పలుకుచున్నారేమో యని విని, పలుకుచున్నచో ఆగును. ఒకే చానలులో నున్న పెట్టెలలో నొకటి బిగ్గఱగా పలికినచో దాని మాట వినబడినంత మేర తక్కినవన్నియు నోరు మూసికొని యుండవలసినదే. మా గనిప్రాంతమున క్వార్టర్లు వరుసలు వరుసలుగా గోడకు గోడ ఆని యుండును. ఒక యింట బలము పెంచిన, ప్రక్కయింటివారికి మందగించును; వారును పెంచుదురు; తుదకు వరుస అంతయు నఱచుటయే కాని యెవ్వరికిని పని సాగదు. పంపునొద్ద నీళ్లకొఱకు జరుగు గొడవను చూచినవారికి దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు.

బొగ్గుగనులలో చిరకాలముగా నుపయోగించు గంటల సంకేతములు మాకు తెలిసినవే. ఒక గంటకు నొక యర్థము, రెండు గంటలకు వేఱొక యర్థము. గంటను గట్టిగా కొట్టినంతమాత్రమున అర్థము మాఱదు. భూమిలోపల రాయి, బొగ్గు సాధారణపు రేడియో తరంగములను త్వరగా మ్రింగివేయును. పైన నిలిచి ఎంత బలముగా పలికినను లోపలి మలుపులకు చేరదు. కనుక ప్రపంచమునందలి పెక్కు భూగర్భగనులలో నేమి చేయుదురనగా, సొరంగము పొడవున నొక ప్రత్యేకమైన తీగను పఱతురు. దాని పైతొడుగున నడుమ నడుమ సందులుండును. ఆ సందులనుండి తరంగములు కొంచెము కొంచెముగా ఊఱుచు, తీగవెంట నడచువారికందఱికిని దగ్గఱనే అందును. ఒక పెద్దగొంతు కాదు, వెంటవెంట చిన్నగొంతులు. మెష్ వైఫైకిని ఇదియే ధర్మము. మూడు పెట్టెలను కొని, మూడింటిచేతను అఱపించుట, తీగను పఱచికూడ పైనుండి కేక వేయుట వంటిది.

ఇక చేయవలసిన పని చెప్పెదను. అన్నియు ఇంటి యిల్లాలు ఒక మధ్యాహ్నమున చేయదగినవే.

మొదటిది, చూచుట. మీ మెష్ యాప్‌లో ఏ ఫోను ఏ పెట్టెను పట్టియున్నదో చూపు పట్టిక యుండును. ముందుగదిలో కొంతసేపు కూర్చుండి, తరువాత ఫోనుతో వంటింటికి నడచి, రెండు నిమిషములాగి ఆ పట్టికను చూడుడు. గదివారీగా ఒక పుస్తకమున వ్రాసికొనుడు. వ్రాసికొనక మార్పులు చేయువారు తిరిగి మొదటికి రాలేరు.

రెండవది, తావు. బలమును ముట్టుకొనుటకు ముందు పెట్టె యున్నచోటును సవరింపుడు. ఇనుప బీరువా వెనుక, పెద్ద అద్దము చెంత, నీళ్లడ్రమ్ము ప్రక్కన నుంచరాదు. లోహము తరంగములను వెనుకకు కొట్టును, నీరు మ్రింగును. ఛాతీయెత్తున, ఎదుట అడ్డములేని తావు మంచిది. మా నడిమిగది పెట్టె బీరువాపైన గోడమూలకు దాగి యుండెను. దానిని కిటికీ గూటిలోనికి మార్చుటతోనే సగము చిక్కు తీఱినది.

మూడవది, సంఖ్య. చిన్న యింటికి మూడు పెట్టెలు ఎక్కువ కావచ్చును. ఒకదానిని ఒకరోజు తీసి చూడుడు. తీసినను తేడా లేకున్నచో అది లేకుండుటయే మేలు.

నాలుగవది, బలము. పెట్టెలు రెండు విధముల తరంగములతో పలుకును. 2.4 గిగాహెర్ట్జు తరంగములు దూరము పోవును, గోడలను ఎక్కువగా దాటును, కాని మందగతి. 5 గిగాహెర్ట్జువి వడిగలవి, కాని గోడల యెదుట త్వరగా అలయును. ఫోను దూరపు పెట్టెను విడువకుండుటకు కారణము పెక్కుసార్లు 2.4 తరంగమే. కావున మొదట దానినే ఒక మెట్టు తగ్గింపుడు. ఎక్కువనుండి నడుమకు, అవసరమైన నడుమనుండి తక్కువకు. 5 ను దానికంటె ఒక మెట్టు పైన నుంచుట మంచిది. కొన్ని పెట్టెలలో అన్నిటికిని కలిపి యొకే మార్పు, కొన్నిటిలో దేనికది వేఱుగా చేయవచ్చును.

అంకెలలో చూపు యంత్రములున్నచో ఈ లెక్క గుర్తుంచుకొనుడు. 20 డీబీఎం అనగా 100 మిల్లీవాట్లు. 3 తగ్గించి 17 చేసినచో సగము, అనగా 50. మఱి 3 తగ్గించి 14 చేసినచో 25. సగమైనదని బెదరవలదు, బలము సగమైనంతమాత్రమున దూరము సగము కాదు. ఆటంకము లేని బయలునందు దూరము సగమగుటకు బలము నాలుగవ వంతు కావలెను. మా సావడిపెట్టెను 6 మేర తగ్గించినంతనే వంటింటిలో దాని సంకేతము మైనస్ 68 నుండి మైనస్ 74 కు దిగెను. ఫోనుకు అసంతృప్తి కలిగి, వెదకి, ఎదుట గోడనున్న పెట్టెను పట్టెను. అచట మైనస్ 45! అప్పటినుండి ఇరువైపుల మాట గంటవలె వినబడుచున్నది.

ఐదవది, జాగ్రత్త. పెట్టెలు తమలో తాము మాటలాడుకొనుటయు పెక్కు యిండ్లలో ఈ 5 తరంగములతోనే జరుగును. దానిని మితిమీఱి తగ్గించినచో వెనుకపెట్టె ముందుపెట్టెనుండి తెగిపోవును. ఫోనులో గీతలు నిండుగా కనబడినను ఇంటర్నెట్టు రాదు. పెట్టెలను ఈథర్నెట్టు తీగతో కలుపగలిగినచో ఈ భయము లేదు. అప్పుడు బలమును నిశ్చింతగా తగ్గింపవచ్చును. స్లాబు వేయించుకొనువారు గోడలలో ఆ తీగకొఱకు గొట్టము వేయించుట మఱవకుడు. మేము మఱచితిమి.

ఒకనాటికి ఒక మార్పే చేయుడు. ఒకరోజు వాడి చూచిన పిమ్మటనే రెండవది. ఉప్పు, కారము, పులుపు ఒక్కమాఱే మార్చినవారికి కూర చెడిన కారణము తెలియదు.

మీ యాప్‌లో బలమును మార్చు మీట లేనేలేదందురా? అట్టి పెట్టెలును పెక్కు కలవు. వానిని చేసినవారు ఆ నిర్ణయమును యంత్రమునకే విడిచిరి. అప్పుడు రెండవ, మూడవ ఉపాయములే మీకు శరణ్యము. పెట్టెలను ఒకదానికొకటి మఱికొంత దూరము జరుపుటయు బలము తగ్గించుటకు సమానమే. "ఫాస్ట్ రోమింగ్" అను మీట యున్నచో తెఱచి చూడుడు. ఒక పెట్టెనుండి మఱియొక పెట్టెకు త్వరగా మాఱుటకు తోడ్పడు పద్ధతులు 2008, 2011 సంవత్సరములలో అంతర్జాతీయ ప్రమాణములందు చేరినవి. పాతఫోనులు కొన్ని వానితో పేచీపెట్టును. అట్లైన మరల మూయుడు.

బలమును పెంచుటకై పెట్టెలో దేశముపేరు మార్చుడని సలహా చెప్పువారు కలరు. వినవలదు. మన దేశమున 2005 నుండి 2.4 తరంగములను, 2018 నుండి 5 తరంగములలో విశాలభాగమును లైసెన్సు లేకయే వాడుకొనుటకు ప్రభుత్వము అనుమతించినది. కాని ఆ స్వేచ్ఛకు హద్దులు కలవు. 2.4 నందు యంత్రపు బలము 1 వాటును మీఱరాదు. మన యింటిపెట్టె దానిలో పదవవంతుతోనే చక్కగా పని చేయును.

బలము తగ్గించుచున్నామని వినగానే మా అత్తగారు "చంటిపిల్ల ఉన్న ఇల్లు, మంచిపని చేసినవు బిడ్డా" అని సంతోషించిరి. ఆ తరంగములవలన పసిబిడ్డకు కీడు కలుగునని ఆమె భయము. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనసంస్థ 2011లో రేడియో తరంగములను "క్యాన్సరు కలిగించునేమో" యను వర్గమున చేర్చినమాట నిజమే. అది నిర్ధారణము కాదు, సందేహము మాత్రమే. ఇంటి వైఫైనుండి మనకు తగులు మోతాదు అంతర్జాతీయపు హద్దులకు మిక్కిలి లోబడి యుండును. నేను బలము తగ్గించినది మాట వినబడుటకు. ఆమెకు దానివలన మనశ్శాంతి కూడ కలిగినచో కాదననేల?

"ఇవి మగవారి సంగతులు" అని వెనుదీయు సోదరీమణులకు నొక్కమాట. యంత్రములను తీగలతో అడ్డదిడ్డముగా కలిపినప్పుడు సందేశము గానుగెద్దువలె చుట్టుచు చుట్టుచు మార్గమును ముంచివేయును. అట్లు తిరుగకుండ ఏ తీగను వాడవలెనో, దేనిని ఊరకుంచవలెనో యంత్రములే తేల్చుకొను ఉపాయమును 1985లో ప్రకటించినది రేడియా పెర్ల్‌మన్ అను అమెరికా వనిత. నేటికిని ప్రపంచమున లెక్కలేనన్ని యంత్రములు ఆమె చూపిన దారినే నడచుచున్నవి. తన ఉపాయమును వివరించుటకు ఆమె ఒక చిన్న పద్యమును కూడ వ్రాసినది! పద్యము వ్రాయగల చేయి తీగను ముడివేయజాలదా?

తుదిగా నొక హెచ్చరిక. విద్యుత్తు పోయినచో పెట్టె నిద్రించును. దానితో వైఫైమీది ఫోనుమాటయు పోవును. ఇంట గర్భిణులు, వృద్ధులు, రాత్రి షిఫ్టులకు పోవువారు ఉన్నచో ముందుపెట్టెకు చిన్న బ్యాటరీసాధనమును తగిలింపుడు. టవరు సంకేతము ఇంటిలో ఏ కిటికీయొద్ద దొరకునో ముందుగనే చూచి యింటిల్లపాదికిని చెప్పి యుంచుడు. మా యింట అది తులసికోట ప్రక్కనున్న గుమ్మము. ఆ రాత్రి ఆ సంగతి తోడికోడలికి తెలిసియున్నచో పది యడుగులు నడచి తిరిగి ఫోను చేసియుండెడిది.

మా మఱది చేతికట్టు విప్పి నెల దాటినది. షిఫ్టు ముగిసినంతనే మునుపటివలెనే ఫోను చేయుచున్నాడు. నిన్నరాత్రి ఆమె వంటింటిలో పిల్లను భుజముపై వేసికొని, పిల్ల నిద్రాభంగము కాకుండ గుసగుసగా "పిల్ల పండుకున్నది, మెల్లగ రండ్రి" అనెను. ఆ గుసగుస ఆయనకు వినబడినది.